మారు వడ్డన మీద విచారణ

రాష్ట్ర ప్రజా ప్రయాణ సంస్థలో పై అంతస్తు వాళ్లకి జీతం కాక మరొకటి కూడా అందుతోందని ఒక పత్రిక రాసింది. దాని పేరు "విధి నిర్వహణ తృప్తి భత్యం". బస్టాండు మరుగుదొడ్ల దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నవాడు మనిషికి ఐదు రూపాయలు వసూలు చేస్తాడు గదా, ఆ ఐదులన్నీ ఒక నిధిలోకి పారి, అక్కణ్ణుంచి ఎండీ గారికీ ఆయన కింద పదకొండు మంది పెద్దలకీ నెలనెలా తృప్తి రూపంలో చేరుతున్నాయట. దీనికి ప్రభుత్వాన్ని ఎవరూ అనుమతి అడగలేదు. అడిగితే ఇవ్వరేమోనన్న మర్యాద కొద్దీ అడగలేదట.

జనానికి మొదట నవ్వొచ్చింది, తరవాత ఒళ్లు మండింది. శాసనసభలో రెండు రోజులు కాగితాలు ఎగిరాయి. మూడో రోజున ప్రభుత్వం గట్టి ఉత్తర్వు ఒకటి జారీ చేసింది. "ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు పొందుచున్న అనుమతి లేని అదనపు చెల్లింపులను, అవి ఏ రూపములో ఉన్నప్పటికిని, గుర్తించి, మూల్యాంకనము చేసి, నిర్మూలించవలెను" అని దాని సారాంశం. ఆ పని చూడడానికి ఉన్నతస్థాయి వేతన పర్యవేక్షణ కమిటీని వేశారు. దానికి అధ్యక్షుడిగా ఎండీ గారినే పెట్టారు. అదనపు చెల్లింపుల విషయంలో ఆయనకున్నంత అనుభవం రాష్ట్రంలో ఇంకెవరికీ లేదు మరి.

కమిటీ మొదటి సమావేశంలోనే రెండు తీర్మానాలు చేసింది. ఇల్లు కట్టేవాడు పునాది నుంచి మొదలుపెడతాడు గనక, నిర్మూలన కూడా కింది ఉద్యోగి దగ్గర మొదలై క్రమంగా పైకి రావాలన్నది మొదటిది. ఇంత బరువైన బాధ్యత మోస్తున్నందుకు సభ్యులకి నెలనెలా పర్యవేక్షణ భత్యం ఇవ్వాలన్నది రెండోది. ఈ రెండోదానికి ఆ సాయంత్రమే ప్రభుత్వ అనుమతి తెచ్చుకున్నారు. ఈసారి ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేదు.

కొత్తరేవు డిపోలో చింతా అబ్బులు అని ఒక డ్రైవరున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. పొద్దున్న పదింటికి కొత్తరేవులో బస్సు తీసి, పన్నెండున్నరకి చింతలగట్టు సెంటర్లో భోజనాలకి ఇరవై నిమిషాలు ఆపి, మూడింటికి నందిమెట్ట చేరుస్తాడు. ఆయన చక్రాల కింద కోడిపిల్ల కూడా పడలేదని ఆ దారి పొడుగునా చెప్పుకుంటారు. ఇంకో పధ్నాలుగు నెలలు ఇలాగే లాగితే రిటైరవుతాడు, పూర్తి పింఛను వస్తుంది. భార్య కీళ్లనొప్పుల మందులూ, ఇంటి అద్దే, ఇద్దరి తిండీ ఆ పింఛను మీదే నడవాలి. వెనకేసింది ఏమీ లేదు. ఇదంతా ఒక ఎత్తు, ఆయనకి బస్సంటే ఉన్న పిచ్చి ఒక ఎత్తు. సెలవు రోజున కూడా డిపోకొచ్చి బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, టైర్లు తట్టి చూసి, అప్పుడు ఇంటికెళ్లి అన్నం తినేవాడు.

కమిటీ వారి ప్రొఫార్మా తొమ్మిది డిపోకి వచ్చింది. "జీతము మినహా మీరు పొందుచున్న సమస్త ప్రయోజనములను పేర్కొనుడు" అని దాని మీద ఉంది. డిపో మేనేజరు గేటు దగ్గర అందర్నీ నిలబెట్టి సర్క్యులర్ చదివి వినిపించాడు. రెండు వందల పదిమందీ ఒకే పెన్నుతో "నిల్" అని రాసి సంతకాలు పెట్టి ఎవరి బండి వాళ్లు ఎక్కేశారు. ఆ పూట అబ్బులు సెలవులో ఉన్నాడు. ఆయన ప్రొఫార్మా ఇంటికి పట్టుకెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, కుదురుగా కూర్చుని పూర్తి చేశాడు. కొంప మునిగింది అక్కడే.

ఆయన రాసింది ఇది: "చింతలగట్టు సెంటర్లో మంగతాయారు గారి హోటల్లో మధ్యాహ్నం భోజనం. పదకొండేళ్ల నుంచి. బస్సు ఆపిన డ్రైవరుకీ కండక్టరుకీ డబ్బు తీసుకోరు. అన్నం, పప్పు, రెండు కూరలు, పులుసు, పెరుగు. మారు అడగక్కర్లేదు, వాళ్లే వేస్తారు. సోమవారం ఆనపకాయ పులుసు. శుక్రవారం పరవాన్నం. ఎప్పుడూ తక్కువ చెయ్యలేదు." గడిలో చోటు చాలక కాగితం వెనక్కి తిప్పి, దారిలో ప్రయాణికులు చేతిలో పెట్టే జామకాయలూ, తాటి ముంజెలూ కూడా రాశాడు.

కండక్టరు సూరిబాబు మర్నాడు ఆ సంగతి విని టిక్కెట్ల మిషను ఒళ్లో పడేసుకుని కూలబడ్డాడు.

"అదేంటి అబ్బులన్నా! ఉన్నది ఉన్నట్టు రాసెయ్యడానికి అయ్యేవన్నా జనాభా లెక్కలా?"

"కింద దైవసాక్షిగా అని అచ్చేసుంది కదరా సూరీ. రోజూ సత్తెమ్మతల్లి గుడి కాడ హారన్ కొట్టి, దణ్ణవెట్టుకుని ఎల్తాను. ఆవిడ మీద ఒట్టేసి అబద్దం రాసేసి, మళ్లీ ఆ మలుపులో బండెలా తిప్పను?"

"మరి నేను నిల్ రాసేనే! ఇద్దరం ఒక్క బల్ల మీదే తింటాం. నువ్వు తిన్నావు, నేను తినలేదు. ఇప్పుడెలాగ?"

"నీ పేరు రాయలేదులే. నీ ఒట్టు నీది, నా ఒట్టు నాది" అన్నాడు అబ్బులు.

అక్కడ రాజధానిలో కమిటీ చాలా దిగులుగా ఉంది. సంస్థలో యాభై రెండు వేల మంది ఉద్యోగులుంటే యాభై రెండు వేల ప్రొఫార్మాలూ "నిల్" అనే వస్తున్నాయి. నిర్మూలించడానికి ఏమీ లేకపోతే కమిటీ ఎందుకు, కమిటీ లేకపోతే భత్యం ఎందుకు అని ప్రభుత్వంలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? సరిగ్గా ఆ సమయంలో కొత్తరేవు కట్టలోంచి అబ్బులు కాగితం బయటపడింది. రెండు వైపులా రాసి ఉంది. ఎండీ గారు దాన్ని ఆసాంతం చదివి, "చూశారా, కుళ్లు ఎంత లోతుకి పోయిందో!" అన్నారు. సభ్యులందరి మొహాల్లో వెలుగు వచ్చింది. కమిటీ గడువు ఆరు నెలలు పొడిగించారు.

వారం తిరిగేసరికి పర్యవేక్షణాధికారి పద్మనాభం గారు కొత్తరేవు వచ్చి, అబ్బులు బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నారు. చేతిలో ఫైలు, సంచిలో కూరగాయలు తూచే ఎలక్ట్రానిక్ కాటా ఉన్నాయి. చింతలగట్టు సెంటర్లో బస్సు ఆగగానే ఆయన కూడా దిగి, అబ్బులు కూర్చున్న బల్ల మీదే కాటా పెట్టారు.

హోటలు నడిపే మంగతాయారుకి యాభై దాటాయి. మొగుడు పోయాక ఒక్కతే పొయ్యి ముందు నిలబడి హోటలు నిలబెట్టుకున్న మనిషి. అధికారులన్నా, ఆవలించే పిల్లులన్నా ఆవిడకి ఒకటే.

"ఏమ్మా, ఈ ఉద్యోగికి మీరు ఏ ప్రాతిపదికన భోజనం సమకూరుస్తున్నారు?"

"అదేదో నాకు తెల్దండి. అరిటాకులో పెడతన్నాను."

"అంటే, ఇందువల్ల మీకు చేకూరే లాభమేమిటని."

"బస్సాగితే నలబైమంది దిగుతారండి. పదిమంది తింటారు, పదిమంది టీ తాగుతారు. మిగతావోళ్లు ఊరికే నా కుళాయి కాడ మొకం కడుక్కుని పోతారు. ఆళ్లందర్నీ ఇంత దూరం తోలుకొచ్చినోణ్ణి కడుపు మాడ్చి పంపితే, ఆళ్లిచ్చిన డబ్బులు నాకొంట పడతాయాండి?"

"దీనికి ప్రభుత్వ అనుమతి ఉందా?"

"అన్నం పెట్టడానికాండి?" అంది ఆవిడ, గరిటె గాలిలో ఆపి.

పద్మనాభం గారు రాసుకున్నారు. విస్తట్లో అన్నం తీయించి తూచారు, నాలుగు వందల ఇరవై గ్రాములు. పప్పు తూచారు. పులుసులో ముక్కలు వేరు, రసం వేరు తూచారు. ఈలోగా అబ్బులు అన్నం చల్లారి గట్టిపడింది. అది చూడలేక మంగతాయారు అలవాటు కొద్దీ వేడన్నం ఇంకో గరిటెడు వెయ్యబోయింది.

"ఆగండి!" అని పద్మనాభం గారు చెయ్యి అడ్డం పెట్టారు. "మొదటి వడ్డనను ఆతిథ్యంగా పరిగణించవచ్చునా అన్న అంశం కమిటీ పరిశీలనలో ఉంది. మారు వడ్డన విషయంలో మాత్రం సందిగ్ధానికి తావు లేదు. ఒకసారి ఇచ్చిన దాని మీద మళ్లీ ఇచ్చేది అదనపు చెల్లింపే. నా కళ్లెదుట జరుగుతోంది!"

ఆ తరవాత, రుచి చూడకుండా చేసే మూల్యాంకనం అసమగ్రం కాబట్టి, ఆయన కూడా ఒక విస్తరి వేయించుకున్నారు. పప్పు రెండుసార్లు, పెరుగు మూడుసార్లు పరీక్షించారు. డబ్బులడిగితే, "ఇది తనిఖీ అమ్మా. తనిఖీకి రుసుము పుచ్చుకోవడం నేరం" అని మెల్లిగా నచ్చజెప్పారు. ఆవిడ పమిటచెంగుతో మొహం తుడుచుకుని లోపలికెళ్లిపోయింది.

నాలుగు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. అబ్బులు ఆ హోటల్లో అన్నం ముట్టరాదు. నిఘా కోసం పద్మనాభం గారు రోజూ అదే బస్సులో ప్రయాణించాలి, దారిలో ధరలు స్థిరంగా ఉన్నాయో లేదో చూడడానికి రోజూ అదే హోటల్లో భోంచెయ్యాలి. అబ్బులు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుని ఇంజను పక్కన కూర్చుని తినేవాడు. ఎదురుగా పద్మనాభం గారు మారు వడ్డించుకుంటుంటే చూసి, అబ్బులు తప్పు పట్టలేదు. తినే విస్తరి వంక చూడకూడదని తల తిప్పుకునేవాడు. ఆపాటి మర్యాద ఆయనకి తెలుసు.

కాని భోజనం ఆపినంత మాత్రాన చెల్లింపులు ఆగితే ఇంకేం! ఒక రోజు ముంజెలమ్మే ఆవిడ దిగుతూ దిగుతూ రెండు ముంజెలు అబ్బులు పక్కన పెట్టి పోయింది. పద్మనాభం గారు వాటిని జప్తు చేసి, చెడిపోయే వస్తువులు గనక అక్కడికక్కడే పరిష్కరించారు. సత్తెమ్మతల్లి గుడి దగ్గర పూజారి కొబ్బరిచెక్క అందిస్తే, చెల్లింపు చేసినది పూజారా, అమ్మవారా అన్న ప్రశ్న వచ్చి, దాని మీద దేవాదాయ శాఖకి ఒక ఉత్తరం వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు.

అసలు చిక్కు మాటలతో వచ్చింది. ఆ దారిలో కాలేజీ పిల్లలు అబ్బుల్ని "బాబాయ్" అంటారు, ఆడవాళ్లు "అన్నయ్యా" అంటారు. జీతం తీసుకునే ఉద్యోగికి ఇంతమంది ఇన్ని వరసలు ఏ పద్దు కింద కలుపుతున్నారు? వారానికోసారి ఆస్పత్రికెళ్లే ఒక ముసలమ్మ బస్సు దిగేటప్పుడు, "నూరేళ్లు చల్లగుండు నాయినా" అని చెయ్యెత్తేది. పద్మనాభం గారు ఆ మాట వినగానే కలం మూత తీశారు.

"నూరేళ్లు! పదవీ విరమణ అరవైకి. మిగతా నలభై ఏళ్లకి మంజూరు ఎక్కడుంది?"

"ముసల్ది ఏదో నోటిమాటండి" అన్నాడు సూరిబాబు.

"నోటిమాట అంటే లిఖితపూర్వకం కానిది. అనుమతి లేదనడానికి అంతకన్నా రుజువేం కావాలి?"

పది రోజులకల్లా సంస్థలోని బస్సులన్నింటిలో, డ్రైవరుతో మాట్లాడరాదు అన్న పాత బోర్డు కింద కొత్త బోర్డు పెట్టారు. "డ్రైవరును వరుస పెట్టి పిలువరాదు. చూసి నవ్వరాదు. దీవించరాదు." ముసలమ్మకి చదువు రాదు. సూరిబాబు చదివి చెబితే, ఆవిడ అబ్బులు వంక చూసి ఏదో అనబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దిగిపోయింది. అన్నం తినొద్దన్నప్పుడు కూడా అబ్బులుకి అంత కష్టం కలగలేదు.

తరవాతి నెలలో కమిటీ ముందు విచారణకి రమ్మని కబురొచ్చింది. అబ్బులు ఉతికిన ఖాకీ వేసుకుని రాజధాని వెళ్లాడు. చలి పుట్టించే గదిలో పొడుగాటి బల్ల, దాని చుట్టూ పన్నెండు మంది, ఒక్కొక్కరి ముందు జీడిపప్పు గిన్నె. మధ్యలో ఎండీ గారు కూర్చున్నారు.

విచారణకి ఒక శాస్త్రీయమైన కొలమానం తయారైంది. ఎండీ గారు ప్రతి ఏప్రిల్‌లోనూ ప్రభుత్వానికి ఒక ఉత్తరం రాసేవారు, అదనపు ప్రతిఫలం ఇవ్వకపోతే సంస్థలో ఉండడం కష్టమని. ఆ ఉత్తరాలన్నీ చూసి, ఈయన వెళ్లిపోతే సంస్థ ఏమైపోతుందోనని ప్రభుత్వం బెంబేలెత్తి, తృప్తి భత్యాన్ని పాత తేదీల నుంచీ, ఆయన్ని సంస్థలో నిలుపుకునే "నిలుపుదల ప్రయోజనం" పేరుతో మంజూరు చేసేసింది. కాబట్టి సూత్రం తేలిపోయింది. ఇవ్వకపోతే పోయేవాడికి ఇచ్చేది సక్రమం. ఇవ్వకపోయినా ఉండేవాడికి ఇచ్చేది దుబారా.

"భోజనం ఆపి రెండు నెలలైంది. ఉద్యోగం మానేశారా?" అని అడిగారు ఎండీ గారు.

"లేదండి."

"అంటే పదకొండేళ్లు ఆ భోజనం వృథాగా చెల్లించబడింది. నోట్ చేసుకోండి. బస్సు నడపడం మీకు ఇష్టమేనా?"

అబ్బులు మొహం విప్పారింది. ఇన్ని రోజుల్లో మొదటిసారిగా తనకి తెలిసిన ప్రశ్న అడిగారు.

"పేనవండి. పొద్దున్నే స్టీరింగు మీద చెయ్యేత్తే ఇంకేం గురుతు రాదండి."

పద్మనాభం గారు లేచి నిలబడ్డారు. "అధ్యక్షా, సభ్యులు గమనించాలి. ఇతనికి విధి నిర్వహణలో తృప్తి కలుగుతోంది. పై స్థాయిలో తృప్తి లేకపోవడం వల్లనే గదా దానికి ప్రత్యేకంగా భత్యం కేటాయించవలసి వచ్చింది! ఎనిమిదవ గ్రేడులో ఉన్న ఇతను అదే తృప్తిని ఎటువంటి మంజూరూ లేకుండా, ప్రతిరోజూ, రెండు పూటలా అనుభవిస్తున్నాడు."

బల్ల చుట్టూ నిట్టూర్పులు వినిపించాయి. ఒక పెద్దాయన జీడిపప్పు నమలడం ఆపాడు.

"సరే" అన్నారు ఎండీ గారు. "మీ జీతంలో పావు భాగం తగ్గించామనుకోండి. మానేస్తారా?"

అబ్బులు పధ్నాలుగు నెలల్లో గడిచినవి తీసేసి వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాడు. "మాననండి. పదకొండు నెల్లే ఉందండి, అయ్యా."

"సగం తగ్గిస్తే?"

"మానేసి ఎక్కడికెల్తానండి?"

"ముప్పాతిక?"

అబ్బులు మాట్లాడలేదు. పద్మనాభం గారు "అభ్యంతరం వ్యక్తపరచలేదు" అని రాసుకున్నారు.

తీర్పు ఆ మధ్యాహ్నమే టైపు చేసి చేతికిచ్చారు. ఉద్యోగి చింతా అబ్బులు పావు జీతానికైనా పనిచేయుటకు సిద్ధముగా ఉన్నందున, అతడు పొందుచున్న జీతములో మిగిలిన ముప్పాతిక భాగము అనుమతి లేని అదనపు చెల్లింపుగా నిర్ధారించడమైనది. వచ్చే నెల నుండి నిలిపివేయవలెను. పింఛను కట్టేది ఆఖరి జీతం మీద గనక అదీ పావే అవుతుంది. ఆ పావుతో మందులు కొంటే అద్దె ఉండదు, అద్దె కడితే బియ్యం ఉండవు. అసంతృప్తి ఉన్నచో పది రోజులలో లిఖితపూర్వకముగా విన్నవించుకోవచ్చునని అడుగున ఉంది. తీర్పుకి అనుబంధంగా, కమిటీ అనుసరించిన సూత్రానికి నమూనాగా, ఎండీ గారి ఏప్రిల్ ఉత్తరం జెరాక్సు జతచేశారు.

సూరిబాబు ఆ జెరాక్సు చూసి ఎగిరి గంతేశాడు.

"అన్నా, తాళంచెవి ఆళ్లే ఇచ్చేరు! ఇదిగో, ఎండీ గారు ఏం రాసేరో చూడు. ‘తగిన ప్రతిఫలము లేనిచో ఈ సంస్థలో కొనసాగుట నాకు సాధ్యపడదని తెలియజేయుచున్నాను.’ ఇంతే! ఈ ముక్క రాసినందుకు ఆయనకి అన్ని లచ్చలు. నువ్వూ ఇదే రాయి. అచ్చరం మార్చకు. పేరొకటీ మార్చు."

"మానేత్తానని రాయడవేంట్రా! పెళ్లాన్ని వదిలేత్తానని రాసినట్టుంటది."

"నిజంగా మానేత్తావేంటి? ఆళ్లు భయపడాలి. అంతే. కింద దైవసాచ్చి కూడా లేదు, రెండుసార్లు చూసేను."

అబ్బులు రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజున భార్య మాత్రని సగానికి విరుచుకుని వేసుకోవడం కంటపడింది. మిగతా సగం రేపటికట. అప్పుడు కూర్చుని, ఎండీ గారి ఉత్తరాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో దించి, కింద తన పేరు పెట్టి పంపేశాడు.

ఆ సంస్థలో కాగితం ఒక బల్ల మీంచి పక్క బల్ల మీదికి వెళ్లడానికి శ్రావణంలో బయల్దేరితే కార్తీకం అవుతుంది. అబ్బులు ఉత్తరానికి జవాబు అయిదో రోజునే వచ్చింది. చింతలగట్టు సెంటర్లో బస్సు ఆగి, జనం దిగి, అబ్బులు క్యారేజీ మూత తీస్తుండగా, పద్మనాభం గారు సంచిలోంచి కవరు తీసి అందరికీ వినపడేలా చదివారు.

"పై సూచికలోని మీ లేఖను కమిటీ సానుభూతితో పరిశీలించినది. సంస్థలో కొనసాగుట సాధ్యపడదన్న మీ అభీష్టమును మన్నించి, మీ రాజీనామాను ఈ దినము మధ్యాహ్నము పన్నెండు గంటల నుండి అమలులోకి వచ్చునట్లు ఆమోదించడమైనది."

గోడ గడియారంలో పన్నెండూ ముప్పై అయిదు.

"రాజీనామా ఎక్కడ చేసేడండీ!" అని సూరిబాబు కేకేశాడు. "ఎండీ గారూ ఇదే రాసేరు కదండీ! అచ్చరం తేడా ఉంటే నా మెడ కొయ్యండి."

"అక్షరం తేడా లేదు. గ్రేడు తేడా ఉంది" అన్నారు పద్మనాభం గారు, చంటిపిల్లాడికి చెప్పినంత ఓపికగా. "ఒకటవ గ్రేడు వారు రాస్తే అది నిలుపుదల సమస్య. ఎనిమిదవ గ్రేడు వారు రాస్తే రాజీనామా. నియమావళిలో స్పష్టంగా ఉంది."

"మరి పింఛనండీ?"

"రాజీనామా చేసినవారికి పింఛను వర్తించదు. తాళాలు ఇలా ఇవ్వండి."

అబ్బులు తాళాలిచ్చేశాడు. ఇరవై తొమ్మిదేళ్లు ఆ చేతిలో ఏదో ఒక బస్సు తాళం ఉంటూనే ఉంది. ఇప్పుడు ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. ఇంటికెళ్లి భార్యకి ఏమని చెప్పాలన్నది తప్ప ఇంకేమీ తోచలేదు. మంగతాయారు ఆకు వేసి, అన్నం పెట్టి, నెయ్యి వేసింది.

"ఇప్పుడు నువ్వెవడి ఉద్యోగివీ కావు కదా. తిను. ఎవడాపుతాడో నేనూ చూత్తాను" అంది పద్మనాభం గారి వంక చూస్తూ.

అబ్బులు పప్పు కలిపాడు. ఆవిడ మనసు కష్టపెట్టలేక రెండు ముద్దలు నీళ్లతో మింగి చెయ్యి కడుక్కున్నాడు.

బయట ఎండ పేలిపోతోంది. బస్సులో నలభై మంది ఉన్నారు. ఆస్పత్రికెళ్లే ముసలమ్మ ఉంది. కొత్తరేవు నుంచి ఇంకో డ్రైవరు రావాలంటే సాయంత్రమవుతుందని డిపో మేనేజరు ఫోనులో చెప్పాడు. పద్మనాభం గారికీ గాభరా పుట్టింది. మూడున్నరకి నందిమెట్టలో, అనుమతి లేని చెల్లింపుల నిర్మూలన విజయవంతమైనందుకు ఆయనకి సన్మానం ఉంది. శాలువా కూడా కొన్నారట.

అబ్బులు బస్సు వైపు చూశాడు. ముసలమ్మ కిటికీ ఊచ పట్టుకుని కళ్లు మూసుకుని ఉంది.

"నేను తోలేత్తానండి. నందిమెట్ట దాకా" అన్నాడు.

"మీరు ఉద్యోగి కారు."

"తెలుసండి."

"జీతం ఉండదు. భత్యం ఉండదు."

"అక్కర్లేదండి. జనం ఎండలో మాడిపోతన్నారు."

పద్మనాభం గారు ఫైలు తెరిచి, నియమావళి అటూ ఇటూ తిరగేశారు. ఉద్యోగి కాని మనిషి జీతం పుచ్చుకోకుండా బస్సు నడపకూడదని ఎక్కడా లేదు. అలాంటివాడు ఒకడు పుడతాడని రాసినవాళ్లకి తోచి ఉండదు. ఆయన ముందు ఊరట పడ్డారు. తరవాత ఏదో స్ఫురించి, అబ్బులు మెట్టు ఎక్కబోతుంటే ఆపారు.

"ఒక్క నిమిషం. బస్సులో ఉద్యోగి కాని వ్యక్తి ఎవరైనా ప్రయాణికుడే. ప్రయాణికుణ్ణి ఉచితంగా తీసుకుపోతే అది అనుమతి లేని ప్రయోజనం అవుతుంది. కండక్టరు గారూ, ఈయనకి టిక్కెట్టు కొట్టండి."

సూరిబాబుకి మిషను మీద మీటలు కనపడలేదు, కళ్లనిండా నీళ్లు. అబ్బులే, "నందిమెట్ట, ఒకటి కొట్టరా" అన్నాడు. జేబులోంచి నలిగిన నోట్లు తీసి లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. ఆ తరవాత ముప్పై అయిదు రూపాయలు పెట్టి కొనుక్కున్న టిక్కెట్టుతో స్టీరింగు ముందు కూర్చుని, చింతా అబ్బులు ఆ బస్సుని నందిమెట్ట దాకా నడిపాడు.